ఈలమ్మ తప్పేమీ లేదని ఇద్దరు తోడల్లుళ్ళ మనవి

పర్యాటక శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కొండ మీది నాలుగు చక్రాల క్వాడ్ బైకుల విహారమందు ఇద్దరు పర్యాటకులను గైడు అడవిలో వదిలివేసి వచ్చినదన్న అభియోగము గురించి; సదరు ఇద్దరు పర్యాటకులము మేమే అయినందున, ఆమె మమ్ములను వదలలేదనియు, మేమే ఆమెను వదిలితిమనియు తెలియజేయుచు, ఆమె అనుమతి పత్రము ఆమెకు తిరిగి ఇప్పించవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా:

1. అర్జీదారుడనైన నేను కళ్ళజోళ్ళ దుకాణము నడుపుకొనువాడను. ఈ అర్జీలో నాతో కలిసినవారు నా భార్య చెల్లెలి భర్త, అనగా మా తోడల్లుడు. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుచున్నారు. మా అత్తగారు, ఆమె కూతుళ్ళిద్దరు, అల్లుళ్ళమిద్దరము, వెరసి ఐదుగురము సెలవులు గడుపుటకై తమ అధికార పరిధిలోని కొండ ఊరికి వచ్చియున్నాము. ఇక్కడి నుంచి మామూలు భాషలో రాసుకుంటాను. ఈ భాషలో బురద గురించి రాయడం నాకు చేతకావడం లేదు. మన్నించాలి.

2. ఈ ప్రయాణం మా అత్తగారి ఆలోచన. పిల్లల్ని వాళ్ళ వాళ్ళ నాయనమ్మల దగ్గర దింపేసి, నలుగురూ నా వెంట రండి, మిమ్మల్ని ఒక్కచోట కూర్చోబెట్టి చూడాలని ఉంది అన్నారు. ఆ మాటకు కారణం ఉంది. అది ఇంటి గుట్టే అయినా కేసుకు సంబంధించింది కాబట్టి తమకు విన్నవించక తప్పదు.

నేను పెద్ద కూతురి భర్తను. లోకరీతిని బట్టి నేను పెద్దల్లుణ్ణి, చిన్నల్లుడు నన్ను అన్నయ్య అనాలి. అయితే మా తోడల్లుడు నాకంటే కొన్ని నెలలు ముందు పుట్టారు. ఆ సంగతి నాకు తెలియదు. ఆయన పెళ్ళిలో ఫోటో తీసేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి, "ఏం తమ్ముడూ, కాస్త నవ్వు" అన్నాను. ఆయన నవ్వలేదు. నా పుట్టినరోజు ఎప్పుడని అడిగారు. చెప్పాను. ఆయనదీ చెప్పారు. "అయితే తమ్ముడెవరు?" అన్నారు. ఆ ఫోటో ఇప్పటికీ అత్తగారింటి గోడ మీద ఉంది. అందులో పెళ్ళికొడుకు, పెద్దల్లుడు ఇద్దరూ కోర్టు తీర్పు వింటున్నట్టు ఉంటారు.

ఆనాటి నుంచి నేను ఆయన్ని ఏమీ పిలవలేదు, ఆయన నన్ను ఏమీ పిలవలేదు. పేరు పెడితే తగ్గించినట్టు, గారు తగిలిస్తే లొంగినట్టు. భోజనాల దగ్గర ఆయన కంచంతో అంటారు, ఉప్పు ఇటు జరపబడితే బాగుండునని. నేను గ్లాసుతో అంటాను, జరపబడిందని. వాక్యాన్ని కర్త లేకుండా రాయడం మా పిల్లలకు బళ్ళో కంటే ఇంట్లోనే బాగా వచ్చింది. ఇలా పదేళ్ళు దాటిపోయింది.

3. ఇక విహారం సంగతి. గైడు పేరు తమ ఫైలులో ఉంటుంది. మాకు మాత్రం ఆమె ఈలమ్మ, ఎందుకంటే మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. బయల్దేరే ముందు ఆమె నిబంధనలన్నీ వివరంగా చెప్పింది. ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి, మూడు వినబడితే ఎక్కడున్నా గట్టిగా కేక వెయ్యాలి. ముందు బండిని కనిపెట్టుకుని వెళ్ళాలి, చెప్పనిదే దిగకూడదు, దిగితే బ్రేకు బిగించకుండా కదలకూడదు. మా అందరిచేతా ఒక్కొక్కరిచేత అప్పజెప్పించుకుంది. అందరికంటే బాగా అప్పజెప్పింది మా అత్తగారు. అందరికంటే నీరసంగా అప్పజెప్పింది అల్లుళ్ళం.

ఆ రోజు మూడే బండ్లు ఖాళీగా ఉన్నాయి. మా అత్తగారు ఈలమ్మ వెనక ఎక్కారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ నవ్వుకుంటూ రెండో బండి పట్టుకున్నారు. మూడో బండికి ఇటు నేను, అటు ఆయన మిగిలాం. బండ్లు నిజంగానే తక్కువయ్యాయా లేక ఆడవాళ్ళు ముగ్గురూ కలిసి తక్కువ చేశారా అన్నది విచారణలో తేల్చదగిన అంశం.

నడిపేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. డ్రైవింగ్ నేర్పే మనిషి పక్కనుండగా కళ్ళజోళ్ళవాడు నడపడమేమిటని మా మరదలు అంది. నిజమే. కానీ అయ్యా, నేర్పేవాడు పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన కాలికింద వేరే బ్రేకు ఉంటుంది. స్టీరింగు శిష్యుడిది, భయం గురువుది. ఆయన స్వయంగా బండి నడిపి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. ఆవరణలో ఒక చుట్టు తిప్పమంటే, లేని బ్రేకును కాలితో తొక్కుకుంటూ వెళ్ళి పాత టైర్ల గుట్టను ఢీకొట్టారు. ఈలమ్మ మర్యాదగా ఆయన్ని వెనక్కి మార్చి, వేగం పెంచే మీట నా బొటనవేలి కింద పెట్టింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చెప్పుకోదగ్గది కాదు గనుక చెప్పను.

నా తప్పు కూడా ఇక్కడే ఒకటుంది. విహారం నడిపే కంపెనీవారిచ్చిన రక్షణ కళ్ళద్దాలు గీతలు పడ్డాయని నేను తీసుకోలేదు. నా దుకాణంలోని నల్లద్దాలు పెట్టుకున్నాను. పక్కల నుంచి దుమ్ము దూరుతుందని ఈలమ్మ హెచ్చరించింది. కళ్ళ సంగతి నాకు చెప్పకమ్మా అన్నాను. ఆమె తన సంచిలో ఇంకో జత వేసుకుంది.

4. తరవాత గంటసేపు ఎంత హాయిగా గడిచిందో తమకు రాతపూర్వకంగా తెలియాలి. ఎందుకంటే తమ తనిఖీ ఉద్యోగి రాసిన నివేదికలో హాయి అన్న మాటే లేదు. దారి కొండ చుట్టూ ఎర్రటి నాడాలా చుట్టుకుని ఉంది. బండి గుంటలో దిగి గట్టు ఎక్కినప్పుడల్లా సీటు మీద నుంచి జానెడు ఎగిరి పడుతున్నాం. ముందు బండి మీద నా భార్య, మరదలు చిన్నపిల్లల్లా అరుచుకుంటున్నారు. ఇంట్లో మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకునే మా అత్తగారు ఈలమ్మ నడుం చుట్టూ చేతులు వేసి, ఇంకా వేగం, ఇంకా వేగం అంటున్నారని తరవాత తెలిసింది.

వెనక మా తోడల్లుడు మాత్రం ప్రతి మలుపులోనూ పాదం పెట్టుకునే పలకను ఠంగుమని తొక్కుతున్నారు. ఆయన తొక్కితే బండి ఆగదు, నా ఒళ్ళు మండుతుంది. చెప్పాలంటే పిలవాలి. పిలవడానికి మాట లేదు.

ఇంతలో దారి రెండుగా చీలింది. ముందు బండ్లు రేపిన దుమ్ము నా నల్లద్దాల పక్కల నుంచి దూరి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. బండ్లు ఎటు వెళ్ళాయో కనిపించలేదు. అప్పుడు మా తోడల్లుడు ఆకాశంతో, దారి కుడివైపు ఉన్నట్టుంది అన్నారు. ఆకాశానికి చెప్పిన మాట నాకెందుకు వర్తిస్తుంది. నేను ఎడమవైపు తిప్పాను. కుడివైపు అన్నది ఆయన కాకుండా ఇంకెవరైనా సరే, నేను కుడివైపే వెళ్ళేవాణ్ణి. ఈ వాక్యాన్ని నా వాంగ్మూలంగా పరిగణించవచ్చు.

5. ఆ ఎడమ దారి కొంతదూరం బుద్ధిగానే వెళ్ళి, పొదల మధ్య సన్నబడి, ఒక ఎండిన వాగులోకి దిగింది. ఎండిన వాగని పైనుంచి అనుకున్నాం. వాలు మీద బండి ఆపి చూస్తే అడుగంతా చిత్తడి. మా తోడల్లుడు నాతో సంప్రదించకుండా దిగి, నేల గట్టిగా ఉందో లేదో చూద్దామని ఒక కాలు మోపారు. ఆ కాలు మోకాలిదాకా దిగబడింది. దాన్ని లాగడానికి రెండోది మోపారు. అదీ దిగబడింది. అయినా సాయం అడగలేదు. వంగి బూటును రెండు చేతులా పట్టుకుని, తన పొలం తాను దున్నుకుంటున్నట్టు పని చేసుకుంటున్నారు.

నేను కూడా చెయ్యి అందించలేదు. వెనక్కి దారి ఉందేమో చూస్తానని బండి దిగి గట్టెక్కాను. బ్రేకు బిగించడం మరిచాను. నాలుగడుగులు వేసి ఎందుకో వెనక్కి తిరిగాను. బండి కదులుతోంది. దూడ తల్లి దగ్గరకు వెళ్ళినట్టు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, వాలు మీద నుంచి సరిగ్గా ఆయన వీపువైపు జారుతోంది. ఆయన బూటు మీద దృష్టి పెట్టి వంగే ఉన్నారు.

అయ్యా, అరవాలి. ఏమని అరవాలి? పదేళ్ళుగా దాచుకున్న నోరు. అంత భారీ బండి మనిషి మీదికి వెళ్తుంటే నా బుద్ధి ఇంకా పుట్టిన తేదీలు చూసుకుంటూనే ఉంది. బుద్ధిని అడక్కుండా నోరు తెరుచుకుంది.

"అన్నయ్యా, తప్పుకో."

ఆయన తిరిగి చూడలేదు. ఆ పిలుపుకు అదిరిపడి పక్కకి ఒరిగిపోయారు. కుడికాలు బూటులోంచి ఊడొచ్చింది. బూటు అక్కడే నిలబడింది. బండి వచ్చి ఆ బూటును తొక్కి, బురదలో ముక్కు పొడుచుకుని ఆగింది.

నేను పరుగున వెళ్ళి ఆయన చేతులు పట్టి గట్టు మీదికి లాగాను. ఆయన ఊపిరి కుదుటపడేదాకా బూటున్న చోటు వైపే చూస్తూ కూర్చున్నారు. తరవాత మొదటిసారి నా మొహంలోకి చూసి, "అదేం పిలుపు? పెద్దల్లుడివి నువ్వు. అన్నయ్యా అని నేను కదా అనాలి" అన్నారు.

"పెద్దవాడివి నువ్వు" అన్నాను.

"నెలల తేడాకి పెద్దేమిటి?"

"నెలలైనా పెద్దే."

అలా ఇద్దరం అదే పంచాయితీ మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి తిరగేసి. కాసేపటికి ఆయనకు నవ్వొచ్చింది. ఆయన్ని చూసి నాకొచ్చింది. బురదలో ముక్కు దిగబడ్డ బండి పక్కన, మొహాలు గుర్తు పట్టలేనట్టున్న ఇద్దరు మనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు.

6. ఇప్పుడు రాయబోయేది అసలు నేరం. దీనికి పూర్తి బాధ్యత మాది.

నవ్వు తగ్గాక మాటలు మొదలయ్యాయి. ఆయనకు దూరపు చూపు ఆనడం లేదట. చాలాకాలంగా. ఊళ్ళో మంచి కళ్ళజోళ్ళ దుకాణం నాదొక్కటే. అందులో అడుగుపెట్టడం ఇష్టంలేక, బజారులో పేవ్‌మెంటు మీద అమ్మే అద్దాలు కొనుక్కుని నెట్టుకొస్తున్నారు. వాటితో తలనొప్పి. శిష్యులు సిగ్నల్ దగ్గర ఆగితే, రంగు ఏమిటో వాళ్ళనే చెప్పమంటున్నారట, పరీక్ష పెడుతున్నట్టు నటించి. విన్నాక నాకు నవ్వు రాలేదు. నేనూ ఒకటి చెప్పుకున్నాను. నాకు కారు నడపడం రాదు. నేర్చుకోవాలంటే దగ్గర్లో ఉన్న స్కూలు ఆయనదే. అందుకని వానలో కూడా రెండు బస్సులు మారి దుకాణానికి వెళ్తున్నాను. మా ఆవిడ కారు కొందామన్నప్పుడల్లా ఏదో ఒక వంక పెడుతున్నాను.

ఆయన బురద చేతులు గడ్డికి తుడుచుకున్నారు. తరవాత, "ఇన్నేళ్ళు నువ్వు తడిశావు, నేను గుడ్డివాణ్ణయ్యాను. ఎవరు గెలిచినట్టు?" అన్నారు.

సరిగ్గా అప్పుడే దూరంగా మూడు ఈలలు వినబడ్డాయి.

విన్నాం. ఇద్దరం విన్నాం. మూడు ఈలలకు అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. ఆయన, ఈల అన్నారు. నేను, ఆఁ, విన్నాను, ఆ సిగ్నల్ దగ్గర కుర్రాడి సంగతి పూర్తిచెయ్యి అన్నాను. ఆయన పూర్తిచేశారు. మళ్ళీ మూడు ఈలలు, ఇంకా దగ్గర్లో. నేను అప్పుడు మా నాన్న పోయినప్పటి సంగతి చెబుతున్నాను. ఆ రోజు ఆయన వచ్చి, వీధిలోనే నిలబడి వెళ్ళిపోయారని నాకు తెలియదు. లోపలికొస్తే నన్ను ఏమని పిలిచి ఓదార్చాలో తెలియక వెళ్ళిపోయారట. ఆ మాట ఆయన చెబుతుంటే మధ్యలో లేచి కేక వెయ్యడం నా వల్ల కాలేదు. నిబంధన ఉల్లంఘన జరిగింది ఇలా, దయచేసి నమోదు చేయించాలి.

7. ఈ లోపల ఈలమ్మ చేసినవన్నీ నిబంధన ప్రకారమే చేసింది. మూడో బండి రాలేదని చూసిన వెంటనే ఆగింది. కొంత వెనక్కి వచ్చి వెతికింది. ఆడవాళ్ళు ముగ్గురినీ క్షేమంగా అడవి అంచున ఉన్న కాపలా గది దగ్గరికి చేర్చి, అక్కడి ఉద్యోగికి అప్పజెప్పి, కంపెనీకి కబురు చేసింది. తిరిగి బయల్దేరబోతుంటే మా అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, తొందరేం లేదమ్మా, ఇంకాస్త ఆగు, వాళ్ళిద్దరూ ఇంతసేపు ఒక్కచోట ఉండడం ఇదే మొదలు అన్నారట. ఒకవేళ దెబ్బలు తగిలి ఉంటే అని ఈలమ్మ అంటే, తగిలితే తగిలాయి, మాట్లాడుకుంటారు కదా అన్నారట. ఈలమ్మ ఆ మాట వినలేదు. బండి పోలేని పొదల్లో కాలినడకన, భుజాన తాడు చుట్టుకుని, ఈలలు వేసుకుంటూ వచ్చింది.

మమ్మల్ని చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇద్దరూ బతికే ఉన్నారుగా. అయితే ముందు తిట్టేస్తాను, తరవాత లాగుతాను" అంది. రెండూ అదే వరుసలో చేసింది. తిట్లలో ఒక్కటి కూడా అనవసరమైంది లేదు. సంచిలోని కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. తాడు చెట్టుకు వేసి, మా ఇద్దరిచేతా తోయించి బండిని బయటికి తీయించింది. బూటు దొరకలేదు.

8. కాపలా గది దగ్గరకు చేరేసరికి తమ తనిఖీ ఉద్యోగి వచ్చి ఉన్నారు. ఆయన రాసుకున్న నివేదిక నకలు మర్నాడు కంపెనీ కౌంటరులో మాకు చూపించారు. అందులో ఈ కింది తప్పులున్నాయి.

మొదటిది, మమ్మల్ని "వృద్ధులైన ఇద్దరు పర్యాటకులు" అని రాశారు. మేము వృద్ధులం కాము, బురద ఎండితే మొహం అలా ఉంటుంది. రెండోది, "అసంబద్ధముగా నవ్వుచుండిరి" అని రాశారు. నవ్విన మాట నిజం. అసంబద్ధం కాదు. మూడోది, "తలకు దెబ్బ తగిలిన లక్షణములు" అని రాశారు. ఇది నా భార్య వల్ల జరిగింది. నేను బండి దిగుతూ, అన్నయ్యా చెయ్యందుకో అనడం ఆమె వింది. వెంటనే తనిఖీ ఉద్యోగి దగ్గరికి పరుగెత్తి, మా ఆయనకు తలకి ఏదో అయింది, చూడండి అంది. మా మరదలు తన భర్త నుదురు తడిమి చూసింది. అత్తగారొక్కరే ఒక పక్కకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

వీటన్నిటినీ కలిపి, గైడు మమ్మల్ని అడవిలో వదిలేసినందువల్ల మాకు ఈ గతి పట్టిందని తేల్చి, ఈలమ్మ అనుమతి పత్రం ఆపేశారు.

9. ఆమె అక్కడే ఉంది. ఈలలు వేశాను, వీళ్ళు పలకలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఇంత ఆలస్యమెందుకైందని తనిఖీ ఉద్యోగి రెండుసార్లు అడిగారు. వెతికి తీసుకొచ్చానండీ అని మాత్రం అంది. మేము స్నానాల తొందరలో ఉన్నాం, పట్టించుకోలేదు. మర్నాడు బూటు సంగతి తేల్చుకుందామని వెళితే కౌంటరు దగ్గర ఇంకెవరో ఉన్నారు. ఈలమ్మ లేదని, కొన్నాళ్ళు రాదని, రేపు తమ ముందు సంజాయిషీ ఇచ్చుకోవాలని చెప్పారు. ఊరికి వెళ్ళే బస్సు ఎదురుగా ఆగి ఉంది. ఎక్కకుండా ఇటు వచ్చాం. నా కుటుంబ జీవితంలో ఇద్దరల్లుళ్ళం కలిసి తీసుకున్న మొదటి నిర్ణయం ఇదే.

కావున తమరు దయతలచి: ఈలమ్మ అనుమతి పత్రం వెంటనే తిరిగి ఇప్పించాలి. నివేదికలో మా వయస్సు సరిచేయించాలి. తప్పు మాది కాబట్టి దానికి తగిన దండన మాకే విధించాలి. బండి ఎక్కకూడదన్న నిషేధం మాత్రం వద్దు. రేపు సాయంత్రానికి మళ్ళీ చోటు చెప్పుకున్నాం, ఈలమ్మ వస్తేనే బయల్దేరతామని షరతు పెట్టాం. బండి ఆయన నడుపుతారు, నేను వెనక కూర్చుంటాను. ఇటు వచ్చే దారిలో, ఈ ఊళ్ళోనే ఆయన కళ్ళు పరీక్ష చేయించి సరైన అద్దాలు పెట్టించాను.

పైన రాసిందంతా జరిగింది జరిగినట్టు, ఇద్దరం ఒకరినొకరు సరిదిద్దుకుంటూ రాసిందని తమరు చిత్తగించవలెను.

తమ విధేయులు,

కళ్ళజోళ్ళ దుకాణదారు (తమ్ముడు)

డ్రైవింగ్ స్కూలు నిర్వాహకుడు (తమ్ముడు)

తా.క.: అయ్యా, ఇది తమ కార్యాలయం వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తుండగా, సంజాయిషీ రేపటిదైనా ఈలమ్మ ఇవాళే వచ్చింది. పక్కన కూర్చుని మొత్తం చదివింది. బ్రేకు సంగతి, ఈల సంగతి కొట్టెయ్యమంది, మీకే ఇబ్బంది అని. కొట్టెయ్యలేదు. అయితే నాది కూడా ఒకటి కలపండి అంది. రెండోసారి ఈల వేసినప్పుడు ఆమె మాకు చాలా దగ్గర్లోనే ఉందట. మా మాటలు వినబడ్డాయట. "మీరిద్దరూ మీ నాన్నగారు పోయినప్పటి సంగతి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో రాబుద్ధి కాలేదు. పొద వెనకాలే నిలబడ్డాను" అంది.

అది రాస్తే నీ కేసు చెడిపోతుందమ్మా అని మా తోడల్లుడు బతిమాలారు. జరిగింది జరిగినట్టు అని మీరే రాశారుగా అంది. అందుకని రాస్తున్నాం. పొద వెనక ఎంతసేపు నిలబడిందో మేము అడగలేదు. తమరు కూడా అడగవద్దని ప్రార్థన.